తెలియని జబ్బుకు గడువెప్పటి నుంచి

2010 ఫిబ్రవరిలో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో లావర్న్ విల్కిన్సన్ అనే మహిళ ఛాతీలో నొప్పిగా ఉందని కింగ్స్ కౌంటీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లారు. అది నగరం తరఫున నడిచే పెద్దాసుపత్రి. ఎక్స్‌రే తీశారు. దాన్ని చదివిన రేడియాలజిస్టు కుడి ఊపిరితిత్తిలో రెండు సెంటీమీటర్ల గడ్డలాంటిది కనబడుతోందని రిపోర్టులో రాశారు. రిపోర్టు ఫైల్లో చేరింది. ఆమెను చూసిన జూనియర్ డాక్టరు మాత్రం కంగారేం లేదని చెప్పి, నొప్పి తగ్గే మాత్రలిచ్చి ఇంటికి పంపారు. గడ్డ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2012లో ఎంతకీ తగ్గని దగ్గుతో ఆమె మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చారు. అప్పటికి కేన్సర్ రెండు ఊపిరితిత్తులకూ పాకి, కాలేయం, మెదడు, వెన్నెముక దాకా వెళ్లింది. పాత ఫైలు తిరగేస్తే రెండేళ్ల కిందటి రిపోర్టు బయటపడింది. ఆమె ఒక్కతే పెంచుకుంటున్న కూతురికి ఆటిజం. ఒకరి సాయం లేకుండా రోజు గడవని పిల్ల. తన తర్వాత ఆ పిల్ల ఏమైపోతుందన్న బెంగతోనే ఆమె వకీలు దగ్గరికి వెళ్లారు. అక్కడ తెలిసిన సంగతి జబ్బు కంటే విచిత్రమైనది. న్యూయార్క్ రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రి మీద వైద్య నిర్లక్ష్యం దావాకు గడువు రెండున్నరేళ్లు. నగర ఆసుపత్రి మీదైతే ఏడాది తొంభై రోజులే, అదీ ముందుగా తొంభై రోజుల్లో నోటీసు ఇచ్చుకుంటేనే. లెక్క మొదలయ్యేది తప్పు జరిగిన రోజు నుంచి, తప్పు తెలిసిన రోజు నుంచి కాదు. ఆ ప్రకారం ఆమె హక్కు 2011 మే నాటికే పోయింది. తనకు కేన్సర్ ఉందని ఆమెకు తెలిసేసరికి, దాని మీద దావా వేసే అవకాశం చేజారి ఏడాది అయింది.

2013 మార్చిలో, 41 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు.

ఈ స్మారకోపన్యాసానికి దీన్నే విషయంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. సభలో డాక్టర్లూ ఉన్నారు, వకీళ్లూ ఉన్నారు. ఒకరి తప్పుల్ని ఇంకొకరు లెక్కగట్టే వృత్తుల వాళ్లు. ఇద్దరూ తరచూ మాట్లాడుకునేది తప్పు జరిగిందా లేదా అన్నదాని గురించి. తప్పు జరిగిందని అందరూ ఒప్పుకున్నాక కూడా ‘లిమిటేషన్ దాటిపోయింది’ అన్న ఒక్క మాటతో ఫైలు మూసేయవచ్చన్నది మాత్రం దావా దాకా వచ్చిన వాళ్లకే తెలుస్తుంది.

గడువులు పెట్టడం అన్యాయమేమీ కాదు. ఏళ్లు గడిచే కొద్దీ సాక్షులు పోతారు, ఉన్నవాళ్లు మరిచిపోతారు, కాగితాలకు చెదలు పడతాయి. ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద చూసిన రోగి గురించి ఇవాళ సమన్లు వస్తే ఏ డాక్టరైనా ఏమని సమాధానం చెప్పుకుంటారు? ఇంగ్లండులో 1623లోనే లిమిటేషన్ శాసనం చేశారు. బ్రిటిష్ ఇండియాకంతటికీ అలాంటి చట్టం 1859లో వచ్చింది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు యాజ్ఞవల్క్య స్మృతి కూడా ఈ సంగతి ఎత్తుకుంది. ఒకరి భూమిని మరొకరు ఇరవై ఏళ్లు, సొమ్మును పదేళ్లు అనుభవిస్తుంటే సొంతదారు నష్టపోతాడని దాని సారాంశం. పోయేది హక్కా, ఫలసాయమా అని వ్యాఖ్యాతలు తగువులాడుకున్నారు. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి రాసిన మితాక్షరే పదమూడో శతాబ్దంలో కేతన చేతిలో ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగులోకి వచ్చింది. ఆ నియమంలో ఒక షరతు ఉంది. సొంతదారు చూస్తూ ఉండాలి, చూస్తూ కూడా నోరు మెదపకుండా ఉండాలి. అప్పుడే కాలం అతనికి ఎదురు తిరుగుతుంది. చూడని వాడి సంగతి వేరు.

జబ్బు బయటపడని రోగి చూడని వాడి కిందికే వస్తాడు. విల్కిన్సన్ ఊపిరితిత్తిలో గడ్డను చూసినవాళ్లు ఆసుపత్రిలో ఉన్నారు, ఆమె చూడలేదు. నోరు మెదపనిది కూడా ఆమె కాదు.

న్యూయార్క్ కోర్టులకు ఈ చిక్కు తెలియక కాదు. 1958లో ఒకావిడకు పిత్తాశయం ఆపరేషన్ చేస్తూ సర్జన్లు లోపల క్లాంపులు వదిలేశారు. ఎనిమిదేళ్లకు, 1966లో కడుపునొప్పి భరించలేక ఎక్స్‌రే తీయించుకుంటే అవి తెల్లగా కనబడ్డాయి. అప్పటి గడువు ఆపరేషన్ రోజు నుంచి మూడేళ్లే. అయినా 1969లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, ఫ్లానగన్ కేసుగా పేరుపడిన ఆ దావాలో, ఒంట్లో మరిచిపోయిన వస్తువు విషయంలో లెక్క అది బయటపడిన రోజు నుంచే మొదలవ్వాలని తీర్పు చెప్పింది. ఇనప వస్తువు అబద్ధం చెప్పదు. అది అక్కడ ఉందంటే ఎవరో వదిలేసినట్టే. దానికి జ్ఞాపకాలతోనూ సాక్షులతోనూ పనిలేదు.

1975లో అమెరికా అంతటా డాక్టర్ల బీమా ప్రీమియాలు ఆకాశానికి ఎక్కాయి. కొన్ని బీమా కంపెనీలు ఆ వ్యాపారమే మానుకున్నాయి. చట్టసభలు వరసగా గడువులు కుదించాయి. కాలిఫోర్నియా ఆ ఏడాది చేసిన చట్టంలో హాని జరిగిన రోజు నుంచి మూడేళ్లు, లేదా తెలిసిన రోజు నుంచి ఏడాది, రెంటిలో ఏది ముందైతే అదే గడువు. న్యూయార్క్ మూడేళ్లను రెండున్నరకు తగ్గించి, మరిచిపోయిన వస్తువుకు మాత్రం బయటపడిన రోజు నుంచి ఏడాది ఇచ్చింది. పైగా ఏది వస్తువు కాదో కూడా రాసిపెట్టింది. ఎముకకు బిగించిన ప్లేటు కాదు, కృత్రిమ అవయవం కాదు, ఒంట్లోకి ఎక్కించిన రసాయనం కాదు.

అక్కడి నుంచి వకీళ్ల తెలివితేటలన్నీ తమ కక్షిదారు కష్టాన్ని ఏదో ఒక వస్తువుగా చూపించడంలోకి వెళ్లాయి. 1990లో వచ్చిన ఒక కేసులో గర్భం రాకుండా వేయించుకున్న లూప్ లోపలే ఉండగా, లేదని డాక్టర్లు తేల్చారు. ఏళ్ల తర్వాత అది లోపలే దొరికింది. వస్తువు ఉంది, లోపలే ఉంది, కంటికి కనబడుతోంది కూడా. అయినా కోర్టు ఒప్పుకోలేదు. లూప్‌ను పెట్టడం పొరపాటు కాదు, దాన్ని కనిపెట్టలేకపోవడమే పొరపాటు. కనిపెట్టలేకపోవడమంటే జబ్బును గుర్తించలేకపోవడం లాంటిదే కాబట్టి మామూలు గడువే వర్తిస్తుందని తేల్చింది. తర్కం సరిగ్గానే ఉందనాలి. కాకపోతే దాని ఫలితం ఏమిటి? కడుపులో కత్తెర మరిచిపోయిన డాక్టరు ఇరవై ఏళ్ల తర్వాతైనా జవాబు చెప్పుకోవాలి. ఊపిరితిత్తిలో గడ్డను చూసి చెప్పని నగర ఆసుపత్రికి పదిహేను నెలల తర్వాత ఏ బాధా ఉండేది కాదు.

డాక్టర్ల వైపు వాదన కొట్టిపారేయదగ్గది కాదు. గడ్డ ఫలానా చోట ఉందని తెలిశాక పాత ఫిల్ము చూస్తే ఎవరికైనా కనబడుతుంది; తెలియక ముందు కనబడటం వేరు. బోస్టన్‌లో పరిశోధకులు 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల సీటీ స్కాన్లు ఇచ్చి గడ్డలు వెతకమన్నారు. చివరి స్కాన్‌లో మామూలు గడ్డ కన్నా 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను చొప్పించారు. 20 మందికి అది కనబడనే లేదు. కళ్ల కదలికల్ని రికార్డు చేస్తే, వాళ్లలో సగం మందికి పైగా సరిగ్గా గొరిల్లా మీదే చూపు నిలిపి కూడా దాన్ని గుర్తించలేదని తేలింది. 2013లో అచ్చయిన ఈ ప్రయోగాన్ని రేడియాలజిస్టులు నవ్వుతూనే చెప్పుకుంటారు, కొంచెం ఇబ్బంది పడుతూ కూడా. పదేళ్ల తర్వాత జరిగినదంతా తెలిసిన నిపుణుడొకడు బోనులో నిలబడి ‘ఇదిగో, కనబడుతూనే ఉంది’ అంటే అది న్యాయమైన సాక్ష్యమేనా అన్నది వాళ్ల ప్రశ్న.

అయితే విల్కిన్సన్ కేసులో గొరిల్లా కనబడింది. కనబడిందని రాసిపెట్టారు కూడా. తప్పు జరిగింది రేడియాలజీ గది నుంచి ఎమర్జెన్సీ మంచం దాకా ఉన్న కాస్త దూరంలో. వైద్యంలో చేజారే జబ్బులన్నీ చూపు తప్పినవే అనుకోవడం పొరపాటు. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి డ్యూటీ మారిపోతుంది, ఫోను చేయాల్సిన నంబరు తప్పు పడుతుంది, ‘వచ్చే వారం రండి’ అన్న మాట చీటీలో ఎక్కదు. వీటికి పదేళ్లయినా చెరగని సాక్ష్యం ఉంటుంది, ఎందుకంటే అది కాగితం మీదే ఉంటుంది. పాతబడిన జ్ఞాపకాల భయం ఇక్కడ అంతగా వర్తించదు.

ఆమె కథను న్యూయార్క్ డెయిలీ న్యూస్ పత్రిక పట్టుకుని వదల్లేదు. తప్పు తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలన్న బిల్లు ఆమె పేరుమీదే తయారైంది. దిగువ సభలో హెలెన్ వైన్‌స్టీన్, సెనేట్‌లో జాన్ డిఫ్రాన్సిస్కో దాన్ని మోశారు. 2015లో దిగువ సభ ఆమోదిస్తే సెనేట్‌లో ఆగిపోయింది. ఆసుపత్రులు, డాక్టర్ల సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. 2017 జూన్‌లో గట్టెక్కేసరికి బిల్లు చిక్కిపోయింది. అన్ని జబ్బులకూ అనుకున్నది కేన్సర్‌కే, ప్రాణాంతకమైన కణితికే పరిమితమైంది. 2018 జనవరి 31న గవర్నర్ ఆండ్రూ కువోమో సంతకం చేశారు. తప్పు తెలిసిన రోజు నుంచి, లేదా తెలుసుకుని ఉండాల్సిన రోజు నుంచి రెండున్నరేళ్లు. ఏదేమైనా తప్పు జరిగిన రోజు నుంచి ఏడేళ్లు దాటకూడదు. లావర్న్ చట్టం అంటే ఇదే.

కాబట్టి న్యూయార్క్‌లో ఇవాళ రొమ్ములో గడ్డను గుర్తించకపోతే ఒక లెక్క, గుండెపోటును గ్యాస్ నొప్పి అని పంపేస్తే ఇంకో లెక్క. రాజీల్లో పుట్టే చట్టాలకు ఇలాంటి అతుకులు తప్పవనుకోవచ్చు. కానీ గుండె రోగి ఇంట్లో వాళ్లకు ఈ తేడా ఎలా వివరించాలో ఆ చట్టం చేసినవాళ్లు చెప్పలేదు.

‘తెలిసిన రోజు నుంచి’ అన్న సూత్రం వినడానికి చల్లగా ఉంటుంది. తెలియడమంటే ఏమిటన్నది తేల్చడానికి కూర్చుంటే అసలు కష్టం మొదలవుతుంది. అమెరికా సుప్రీం కోర్టులో దీనికి రెండు కొసలు దొరుకుతాయి. 1949లో యూరీ అనే రైలింజను ఫైర్‌మన్ కేసు వచ్చింది. సుమారు ముప్ఫై ఏళ్లు ఇంజన్లలో ఇసుక ధూళి పీల్చి, 1940లో సిలికోసిస్‌తో పడిపోయి, మరుసటి ఏడు దావా వేశాడు. రైల్వే కంపెనీ ఏమందంటే, జబ్బు ఎప్పుడో మొదలైంది కాబట్టి మూడేళ్ల గడువు ఎప్పుడో పోయిందని. పీల్చిన ఏ గుప్పెడు ధూళి జబ్బు తెచ్చిందో, అది ఏ రోజో చెప్పమని కార్మికుణ్ణి అడగడం అర్థం లేదని, అతని తప్పేమీ లేని అజ్ఞానానికి అతన్ని శిక్షించకూడదని కోర్టు కొట్టిపడేసింది.

ముప్ఫై ఏళ్ల తర్వాత అదే కోర్టు ఇంకో మాట అంది. 1968లో పెన్సిల్వేనియాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో కుబ్రిక్ అనే రోగికి కాలి పుండుకు నియోమైసిన్ వాడారు. చెవులు వినబడకుండా పోయాయి. ఆ మందే కారణం కావచ్చని 1969 జనవరిలో ఒక డాక్టరు చెప్పారు. అసలు ఆ మందును అలా వాడటమే తప్పని ఇంకో డాక్టరు 1971లో చెప్పారు. 1972లో దావా. గడువు రెండేళ్లు. హాని ఏమిటో, దాని కారణమేమిటో తెలిస్తే చాలు, అందులో నిర్లక్ష్యం ఉందని తెలియాల్సిన పనిలేదు, అది అడిగి తెలుసుకునే బాధ్యత రోగిదేనని 1979లో తీర్పు వచ్చింది. కుబ్రిక్ ఓడిపోయాడు. ‘కాలు బాగు చేయమంటే చెవులు పోయాయి, మందు వల్లే పోయాయి’ అన్నంత వరకు తెలిస్తే గడువు నడవడం మొదలైనట్టే.

ఇంగ్లండు దారి వేరు. అక్కడ ఉక్కు పోతలను గీకి నునుపు చేసే కార్మికులకు ధూళితో ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. వాళ్లకు తెలియకముందే గడువు పోయిందని 1963లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ, మనసొప్పకపోయినా, తీర్పు చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు చట్టం మార్చింది. ఇప్పటి 1980 చట్టం ప్రకారం తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. దాటిపోయినా న్యాయమనిపిస్తే అనుమతించే అధికారం జడ్జికి ఉంది. ఒంటికి తగిలిన హాని విషయంలో న్యూయార్క్ ఏడేళ్ల లాంటి చివరి గీత అక్కడ లేదు.

మన లిమిటేషన్ చట్టం కూడా 1963 నాటిదే. ప్రత్యేకంగా గడువు చెప్పని దావాలకు, దావా వేసే హక్కు పుట్టిన రోజు నుంచి మూడేళ్లు. మోసం చేసి దాచిపెడితే అది బయటపడిన రోజు నుంచి లెక్క అని పదిహేడో సెక్షన్ ఉంది. కానీ ఒంట్లో కనబడని హాని గురించి ఇంగ్లండు ఆ ఏడాది చేసుకున్న దిద్దుబాటు లాంటిది ఇందులో లేదు. తర్వాత వచ్చిన వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకు రెండేళ్లు. 1986 చట్టంలో 24ఏ సెక్షన్, ఇప్పటి 2019 చట్టంలో 69వ సెక్షన్. కారణం పుట్టిన రోజు నుంచి అని రెంటిలోనూ ఉంది. ఎప్పుడు పుడుతుందో మాత్రం చెప్పలేదు.

చెప్పాల్సిన పని 2010 అక్టోబరులో సుప్రీం కోర్టు మీద పడింది. గోవాకు చెందిన ఒక నర్సుకు 1993 నవంబరులో ముంబైలో పిత్తాశయం ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి కడుపునొప్పి. నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చారు. 2002లో స్కాన్ తీయించుకుని, అక్టోబరులో మళ్లీ ఆపరేషన్ చేయించుకుంటే లోపల గాజుగుడ్డ దొరికింది. 2004లో, అది దొరికిన రోజు నుంచి రెండేళ్లు నిండకముందే, ఫిర్యాదు వేశారు. మహారాష్ట్ర రాష్ట్ర కమిషన్ కాలదోషం పట్టిందని కొట్టేసింది. జాతీయ కమిషన్ కాదంది. సుప్రీం కోర్టు దాకా వెళ్లిన ఈ శ్రీఖండే కేసులో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ గంగూలీల ధర్మాసనం ఫ్లానగన్‌తో సహా అమెరికా తీర్పుల్ని ఒక్కొక్కటీ చదివి, ఈ సూత్రాన్ని మన దేశానికి తెచ్చింది. నిర్లక్ష్యం వెంటనే కనబడేదైతే ఆ రోజు నుంచే లెక్క. కనబడనిదైతే రోగి తెలుసుకున్న రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలుసుకోగలిగి ఉండే రోజు నుంచి.

అంతా బాగుంది. కానీ ఆ నర్సు ఓడిపోయారు. ఆమె మామూలు రోగి కాదు, నర్సు; ఆపరేషన్ అయ్యాక తొమ్మిదేళ్లు నొప్పి వస్తుంటే సర్జన్ దగ్గరికి వెళ్లి ఉండాలి, పరీక్షలు చేయించుకుని ఉండాలి అన్నది కోర్టు కారణం. ఈ తీర్పుతో తగువు పడటానికి చోటుంది. ఆసుపత్రిలో పనిచేసే వాళ్లే సొంత నొప్పికి మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్లడం ఎవరికి తెలియదు? రోజూ పదిమంది నొప్పి చూసే మనిషి తన నొప్పిని మామూలుగా తీసుకుంటుందన్నది ఆ వృత్తి ఎరిగినవాళ్లు ఒప్పుకునే మాట. చదువుకున్నదన్న కారణం ఆమెకు ఎదురు తిరిగింది. కుబ్రిక్ కేసులో లాగానే, సూత్రం రోగి పక్షాన ఉన్నా తేదీ మాత్రం రోగికి వ్యతిరేకంగానే తేలింది. ఆ తీర్పు మేలు తర్వాత వచ్చిన రోగులకు దక్కింది, గెలిపించాల్సిన రోగికి తప్ప.

అయినా ఆ సూత్రం ఎవరికి వర్తిస్తుందన్నది ఇంకో ముడి. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరులో శాంత కేసులో సుప్రీం కోర్టు తేల్చినప్పుడు ఒక మినహాయింపు పెట్టింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఆ చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తే, ఉచిత రోగులూ వినియోగదారులే. పైసా తీసుకోని సర్కారు ఆసుపత్రిలో జబ్బు చేజారిన రోగికి అందువల్ల వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోతుంది. సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ మూడేళ్లు, ఒక ఏడాది ఎక్కువే. కానీ కమిషన్‌లో తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నిస్తారు. సివిల్ దావాకు ఆ మన్నింపు లేదు. కోర్టు ఫీజు దావా మొత్తాన్ని బట్టి పెరుగుతుంది, లేదంటే ఫీజు కట్టే స్తోమత లేదని పాపర్ సూట్ వేసుకోవాలి. ప్రభుత్వం మీద కాబట్టి రెండు నెలల ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు ఇవ్వాలి. జేబులో చార్జీలకు కూడా లేక సర్కారు ఆసుపత్రికి వెళ్లిన మనిషికే చట్టం ఈ దారి చూపిస్తోంది. బ్రూక్లిన్‌లో కూడా పదిహేను నెలల పొట్టి గడువు నగర ఆసుపత్రికే ఉండేదని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

గడువులన్నీ రోగికే. 2019 చట్టం ఫిర్యాదును మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలంటుంది. కాగితం మీద. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఛాతీ ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిపోయిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి సుప్రీం కోర్టు కోటి రూపాయల పరిహారం తేల్చింది 2009లో. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్న ఆ యువకుడికి అప్పటికి నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. అది చేజారిన జబ్బు కేసు కాదు, గడువులోపలే వచ్చిన కేసు కూడా. రెండేళ్లు దాటితే రోగి రాకూడదనే వ్యవస్థలో ఆపరేషన్ నుంచి చివరి తీర్పు దాకా పందొమ్మిదేళ్లు పట్టిందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇక చట్టం కన్నా మొండిది కాగితం. ఇన్‌పేషెంట్ రికార్డుల్ని వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. తెలిసిన రోజు నుంచి రెండేళ్లు అని కోర్టు ఇచ్చినా, తెలిసేసరికి అయిదేళ్లయితే ఏ ఫైలు చూపించాలి? ఓపీ రోగికి ఆ మూడేళ్ల భరోసా కూడా లేదు. విల్కిన్సన్ కథ బయటపడింది 2010 నాటి రిపోర్టు 2012లో ఆసుపత్రిలోనే దొరకబట్టి. మన దగ్గర ఇది తలకిందులు. ఎక్స్‌రే ఫిల్ము, ఓపీ చీటీ, రక్తపరీక్ష కాగితం అన్నీ రోగి చేతికే ఇచ్చేస్తారు. బీరువా మీద పెద్ద గోధుమరంగు కవర్లలో, పెళ్లి శుభలేఖల మధ్యన, అవి ఏళ్లకేళ్లు పడి ఉంటాయి. వినియోగదారుల కమిషన్‌లో ఏళ్ల తరబడి వాదించిన ఏ వకీలునైనా అడగండి, కేసు నిలబెట్టింది ఆసుపత్రి రికార్డు కంటే ఆ కవరేనని చెబుతారు. ఫిల్ము మీద తేదీ ఉంటుంది, రోగి పేరుంటుంది, నీడ కూడా ఉంటుంది.

ఆ నీడ ఏమిటన్నది మన దగ్గర ఇంకో పెద్ద చిక్కు. ఊపిరితిత్తుల్లో మచ్చ కనబడగానే టీబీ అనుకుని మందులు మొదలుపెట్టడం, ఆరు నెలల కోర్సు నడుస్తుండగానో అయ్యాకనో అది కేన్సర్ అని తేలడం ఛాతీ వైద్యులందరికీ తెలిసిన సంగతే. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో టీబీ అనుకోవడం ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. కానీ కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా, రెండు నెలలకూ మచ్చ తగ్గకపోయినా, స్కాన్ గానీ బయాప్సీ గానీ చేయించకుండా మందులు సాగదీస్తే? తప్పు జరిగింది ఏ రోజు? మొదటి చీటీ రాసిన రోజా, రెండో నెల ఫిల్ము చూసిన రోజా? రెండేళ్ల లెక్కలో ఆ రెండు నెలల తేడాతోనే కేసు ఉండటమో పోవటమో జరగవచ్చు. అదే డాక్టరు దగ్గర అదే జబ్బుకు వైద్యం సాగుతున్నంత కాలం గడువు మొదలవదని న్యూయార్క్ కోర్టులు 1962 నుంచీ ఒప్పుకుంటున్నాయి. తనకు వైద్యం చేస్తున్న డాక్టరు మీదే దావా వేయమని రోగిని తోయడం మంచిది కాదన్నది అందులోని ఇంగితం. మన పార్లమెంటు 69వ సెక్షన్‌ను ఎప్పుడైనా తిరగరాస్తే ఈ వాక్యం ఒకటి అందులో చేర్చడం పెద్ద పనేమీ కాదు. దాంతోపాటు ఏడేళ్లో పదేళ్లో ఒక చివరి గీత గీసి, రికార్డులు దాచే గడువును కూడా ఆ గీత దాకా పొడిగిస్తే డాక్టర్లకూ ఒక తేదీ దొరుకుతుంది, రోగికీ ఒక ఫైలు మిగులుతుంది. చివరి గీత లేకుండా గడువు పెంచమంటే డాక్టర్లు ఒప్పుకోరు. రికార్డు లేకుండా పెంచితే రోగికి ఒరిగేదేమీ లేదు.

ఈలోగా ‘తెలియడం’ అన్నదే మారిపోతోంది. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి రిపోర్టులు ఆలస్యం లేకుండా రోగికి అందుబాటులోకి రావాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. డాక్టరు చూడకముందే రోగి ఫోనులో కేన్సర్ అన్న మాట కనబడటం అక్కడ ఇప్పుడు మామూలు. మన డయాగ్నస్టిక్ సెంటర్లు ఏ నిబంధనా లేకుండానే సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపేస్తున్నాయి. మహబూబ్‌నగర్ దగ్గరి తండాలోనో పలాస దగ్గరి పల్లెలోనో ఉన్న ఒక పెద్దాయన కొడుకు ఫోనులో ఆ రిపోర్టు పడుతుంది. రెండు పేజీల ఇంగ్లిషు. చివర ‘కోరిలేట్ క్లినికల్లీ’, అంటే రోగి లక్షణాలతో పోల్చి చూడమని, ఆ పైన సీటీ చేయించమన్న సలహా. కొడుకు దాన్ని తెరవకుండానే డాక్టరుకు ఫార్వర్డ్ చేస్తాడు. డాక్టరు ‘పర్లేదు, మందులు వాడండి’ అని తిరిగి పెడతాడు. రెండేళ్ల నాలుగు నెలల తర్వాత గడ్డ బయటపడితే, పెద్దాయనకు తెలిసింది ఎప్పుడు? పీడీఎఫ్ పడిన సాయంత్రమా, డాక్టరు నోటితో కేన్సర్ అన్న రోజా? శ్రీఖండే తీర్పులోని ‘తగిన శ్రద్ధ’ అన్న మాటను ఆసుపత్రి తరఫు వకీలు మొదటి తేదీకి వాడుకుంటాడు, రోగి తరఫు వకీలు రెండో తేదీకి. నర్సుకు ఎంత తెలిసి ఉండాలో సుప్రీం కోర్టు చెప్పింది. ఇంగ్లిషు రాని రైతుకు ఎంత తెలిసి ఉండాలన్నది ఏ జిల్లా కమిషన్ ముందో ఒక వకీలు లేవనెత్తి, పైదాకా తీసుకెళ్లి తేల్పించుకోవాల్సిన ప్రశ్న.